గుడ్ల ట్రే మీద నీలం టేపు

అమ్మకు,

నీ చిన్నవాడు నమస్కరించి రాసేది. ఇక్కడ ముగ్గురం క్షేమం. ఈ మాట రాశాక కొట్టేద్దామా అని కాసేపు ఆలోచించాను. మొదటి వరుసలోనే కొట్టివేత కనిపిస్తే నువ్వు మిగతాది చదవకుండా గుండె పట్టుకుని కూర్చుంటావని ఉంచేశాను. క్షేమమే, కాకపోతే ఆ క్షేమం ఏపాటిదో చెప్పడానికి ఈసారి కాగితాలు ఎక్కువ పట్టేలా ఉన్నాయి. హాస్టల్ పిల్లలకి పరీక్షలు అయ్యేదాకా సెలవు ఇవ్వలేమన్నారని రాశావు. రెండొందల మందికి వండిపెట్టే మనిషిని ఒక్క పాప కోసం ఎవరు మాత్రం పంపిస్తారు? దానికి నేనేమీ బాధపడటం లేదు. అబద్ధం, పడుతున్నాను. కానీ నీ మీద కాదు.

ఉత్తరాలెందుకురా, ఫోన్ చెయ్యి అంటావు. చేస్తే నీ వెనక గిన్నెల మోత, నా వెనక దీని ఏడుపు. మొన్న పది నిమిషాలు మాట్లాడుకున్నాం, మొత్తం మీద ఇద్దరికీ వినపడింది "ఆఁ?" అన్న మాట ఒక్కటే. పైగా ఇప్పుడు రాయబోయేది ఫోన్లో చెప్పే ధైర్యం నాకు లేదు.

నువ్వు నాలుగు ప్రశ్నలు అడిగావు. పాప సాయంత్రపు ఏడుపు తగ్గిందా, పాలు తాగాక తేన్పు తెప్పిస్తున్నారా, కోడలు రెండు ముక్కలైనా ఎందుకు రాయడం లేదు, అది వేళకి తింటోందా. మొదటి రెండూ సులువైనవి కాబట్టి ముందు వాటి సంగతి చూస్తాను.

ఏడుపు తగ్గలేదు. పగలంతా ఎంత బుద్ధిమంతురాలంటే, చూడ్డానికి వచ్చిన వాళ్ళు "ఏం పాపండీ, అసలు ఇంట్లో ఉన్నట్టే లేదు" అని మెచ్చుకుని వెళ్ళిపోతారు. నేను పని నుంచి వచ్చి బూట్లు విప్పేసరికి, దాదాపు ఆరింటికి, మొదలుపెడుతుంది. మొహం ఎర్రబడుతుంది, పిడికిళ్ళు బిగుస్తాయి, మోకాళ్ళు పొట్టలోకి లాక్కుంటుంది. పొట్ట మీద చెయ్యి వేస్తే గట్టిగా ఉంటుంది. కాస్త గ్యాస్ పోతే రెండు నిమిషాలు నెమ్మదిస్తుంది, మనం ఊపిరి పీల్చుకునేలోగా మళ్ళీ అందుకుంటుంది. తొమ్మిది దాకా ఇదే వరస. మొదట్లో మీ కోడలు దానికి సైరన్ అని పేరు పెట్టింది. "ఇదిగో, మీ షిఫ్ట్ సైరన్ మోగింది, డ్యూటీ ఎక్కండి" అని నా చేతుల్లో పెట్టేది.

తేన్పు విషయంలో నన్ను ఎవరూ వేలెత్తి చూపలేరు. భుజం మీద వేసుకుని తెప్పిస్తాను, ఒళ్ళో కూర్చోబెట్టి గడ్డం కింద చెయ్యి పెట్టి తెప్పిస్తాను. నా పనిచొక్కా భుజాల మీద పాల మరకలు చూసి మా వాళ్ళు "లిఫ్టులు మానేసి సున్నాలు వేస్తున్నావా ఏంటి?" అని ఏడిపిస్తున్నారు. నువ్వు చెప్పినట్టు పొట్ట మీద మెల్లగా గుండ్రంగా రాశాను. కాళ్ళు పట్టుకుని సైకిల్ తొక్కించాను. గోరువెచ్చని నీళ్ళు పోశాను. నా ముంజేతి మీద బోర్లా పడుకోబెట్టుకుని గదికి ఆ చివరి నుంచి ఈ చివరికి నడిచాను. మన గదికి ఆ చివర నుంచి ఈ చివరికి తొమ్మిదడుగులు. ఆ తొమ్మిదడుగులు ఎన్నిసార్లు వేశానో లెక్కలేదు.

ఒకరోజు లిఫ్టులో కూడా తిప్పాను. నవ్వకు. మా బిల్డింగ్‌ది అయిదంతస్తుల లిఫ్ట్, దాని బాగోగులు నావే కదా. కదులుతున్నంతసేపూ గప్‌చుప్‌గా ఉంది, ఆగగానే ఏడుపు. ఇంకేముంది, పైకీ కిందకీ తిప్పుతూనే ఉన్నాను. ఎనిమిదోసారో తొమ్మిదోసారో తలుపు తెరుచుకునేసరికి నాలుగో అంతస్తు పెద్దాయన, ఒకప్పటి దర్జీ, రెండు సంచులతో కింద నిలబడి ఉన్నాడు. ఎంతసేపటి నుంచి ఉన్నాడో. తిడతాడనుకున్నాను. లోపలికి వచ్చి దాని మొహం చూసి, "మావాడూ ఇట్లాగే ఏడ్చేవాడయ్యా. మూడు నెలలు దాటాక ఓ రోజు మానేశాడు. ఎందుకు ఏడ్చాడో ఇప్పటిదాకా చెప్పలేదు. వాడికిప్పుడు నలభై ఏళ్ళు" అన్నాడు. నేను నవ్వాను గానీ ఆ మాట నాకు అస్సలు రుచించలేదు. కారణం తెలియకుండా ఆగిపోవడం ఏమిటి? కారణం లేకుండా ఏదీ ఆగదు, ఏదీ కదలదు. పదిహేనేళ్ళుగా నేను తింటున్న తిండి ఆ ఒక్క మాట మీదే.

ఇక నాలుగో ప్రశ్నకి వస్తాను. పోయిన ఉత్తరంలో "వేళకి తింటోంది" అని రాశాను. అది నిజమే. ఏం తింటోందో రాయలేదు.

నీకు నా పని ఎప్పుడూ సరిగ్గా చెప్పలేదు. లిఫ్టుకి ప్రతి అంతస్తు తలుపు దగ్గరా ఓ చిన్న స్విచ్ ఉంటుంది. అవన్నీ ఒకదాని వెనక ఒకటి గొలుసులా కలిసి ఉంటాయి. అందులో ఏ ఒక్కటి సరిగా కలవకపోయినా లిఫ్ట్ కదలదు. ఏది చెడిందో పైకి చూస్తే తెలియదు. ఒక్కో వైరూ విప్పుతూ పరీక్ష చేసుకుంటూ పోవాలి. నాకు పని నేర్పిన మేస్త్రీ మొదటి రోజే నీలం టేపు చుట్ట ఒకటి చేతిలో పెట్టి చెప్పాడు: "విప్పిన ప్రతి వైరుకీ ముక్క చుట్టు. దాని తప్పు లేదని తేలితే అక్కడికక్కడే కలిపేసి టేపు పీకెయ్యి. ఆ తర్వాతే ఇంకో దాని మీద చెయ్యి వెయ్యి. టేపు కనపడుతోందంటే నువ్వు చేసిన గాయం ఇంకా మానలేదని గుర్తు." ఇన్నేళ్ళలో ఒక్క టేపు ముక్క కూడా వదిలి రాలేదు నేను. కావాలంటే ఎవరినైనా అడుగు.

పాప పుట్టిన మూడో వారంలో నువ్వు "గ్యాస్ చేసేవి కాస్త తగ్గించమను" అని ఓ ముక్క రాశావు. నువ్వు రాసింది అంతే, కాస్త తగ్గించమని. నీ తప్పేం లేదు, ఇది ముందే చెప్తున్నాను. నేనే ఆ ముక్క పట్టుకుని కాగితం మీద గళ్ళు గీశాను. ఒక వరసలో తేదీ, ఒక వరసలో ఆ రోజు ఆపిన తిండి, ఒక వరసలో ఏడుపు ఎన్ని నిమిషాలు. ఫ్రిజ్ తలుపుకి అంటించాను. ఆపిన వాటన్నిటికీ నీలం టేపు వేశాను. మొదట కాబేజీ, తర్వాత ఉల్లిపాయలు. ఆ తర్వాత బీన్స్, శనగలు. మీ కోడలి సంగతి తెలుసుగా, కండక్టరమ్మ, అరవై మంది ఎక్కిన బస్సులో చివరి సీటు దాకా వినపడే గొంతు. "కాబేజీ దిగింది. ఉల్లిపాయలు దిగాయి. ఇంకెవరు బాబూ, త్వరగా రండి, ముందుకి జరగండి" అంటూ కండక్టర్ గొంతుతో నవ్వించేది. నేనూ నవ్వేవాణ్ణి.

ఏడుపు ఒక్క నిమిషం తగ్గలేదు. తగ్గలేదంటే దాని తప్పు కాదని కదా? మేస్త్రీ చెప్పినట్టు కాబేజీని తిరిగి ఇచ్చేసి, అప్పుడు ఇంకోటి ఆపాలి. నాకు భయం వేసిందమ్మా. తిరిగి ఇస్తే రేపు ఏడుపు ఇంకా పెరిగితే? ఎందుకొచ్చిన గొడవ, అదీ ఉండనీ, ఇదీ ఉండనీ అనుకున్నాను. లిఫ్టు దగ్గర ఏనాడూ చెయ్యని పని ఇంట్లో చేశాను. పాలు ఆపాను. పెరుగు ఆపాను. నారింజపళ్ళు, టీ, చివరికి గుడ్లు. ఒక్కటీ తిరిగి కలపలేదు. నెల దాటేసరికి మీ కోడలి కంచంలో అన్నం, ఉడకబెట్టిన బంగాళాదుంప, ఉప్పు మిగిలాయి. ఎప్పుడో ఓసారి "బస్సు ఖాళీ అయిపోయింది" అంది. ఆ తర్వాత జోకులు వెయ్యడం మానేసింది. నిద్ర లేక అలిసిపోయిందనుకున్నాను. ఇప్పుడు తలుచుకుంటే నా మీద నాకే అసహ్యం వేస్తోంది.

అంతటితో ఆగినా బాగుండేది. తాగిన పాలు అరగకముందే మళ్ళీ తాగిస్తే గ్యాస్ కాక ఏమవుతుందని, పాలకి పాలకి మూడు గంటలు ఎడం ఉండాలని కాగితం మీద ఇంకో గడి గీశాను. దీనికి మాత్రం తను ఎదురు తిరిగింది.

"అది అడుగుతోంది, నేనిస్తాను. మధ్యలో మీ గడియారం ఏంటి?"

"ఒక్క వారం. ఒక్క వారం చూద్దాం. తేడా లేకపోతే మానేద్దాం."

"దానికి ఆకలేస్తోందేమో."

"గంటన్నరకే ఆకలేంటి? అది పొట్టనొప్పి ఏడుపు. నాకు తెలీదా?"

నాకు తెలీదా అన్నాను. పదిహేనేళ్ళుగా మోటార్ శబ్దం విని ఏ బేరింగ్ అరిగిందో చెప్పేవాణ్ణి, కూతురు ఆకలికి ఏడుస్తోందో కడుపునొప్పికి ఏడుస్తోందో పోల్చుకోలేకపోయాను. నేను పాపని ఎత్తుకుని ఈ గదిలో తొమ్మిదడుగులూ నడుస్తుంటే తను ఆ గదిలో మంచం మీద కూర్చుని గోడ గడియారం కేసి చూస్తూ ఉండేది. ఏడుపు వినపడితే చాలు, జాకెట్ తడిసిపోయేది. తువ్వాలు అడ్డం పెట్టుకుని, "ఇంకా ఇరవై నిమిషాలుందా?" అని అడిగేది. నేను ఉంది అనేవాణ్ణి.

పోయిన వారానికి ముందు మంగళవారం పాపని క్లినిక్‌కి తీసుకెళ్ళాం, నెలన్నర తనిఖీకి. నేను ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకుని వెళ్ళాను. ఎందుకో తెలుసా? చూపించి మెప్పు పొందుదామని. ఇంత శ్రద్ధగా రాసిన తండ్రిని వాళ్ళు చూసి ఉండరనుకున్నాను.

నర్సమ్మ పాపని తూకంలో పెట్టింది. తీసి, మళ్ళీ పెట్టింది. నాలుగు కిలోలకి అటూ ఇటూగా ఉండాల్సిన పిల్ల మూడూ మూడొందలుంది. డాక్టరమ్మ వచ్చి పొట్ట నొక్కి చూసింది, నోరు చూసింది, పిల్లలో జబ్బేమీ లేదంది. అప్పుడు నర్సమ్మ మీ కోడలి వైపు తిరిగి, "నువ్వేం తింటున్నావమ్మా?" అని అడిగింది. తను నా వైపు చూసింది. నేను జేబులోంచి కాగితం తీసి ఇచ్చాను.

ఆవిడ పై నుంచి కింద దాకా చదివింది. ఆ గదిలో ఒక చిన్న ఫ్యాను, రెండు కుర్చీలు, గోడకి పిల్లల ఎత్తు కొలిచే కాగితం ఉన్నాయి. అవన్నీ నాకిప్పుడు కళ్ళు మూసుకున్నా కనపడుతున్నాయి.

"ఎవరు చెప్పారు ఇవన్నీ మానెయ్యమని?" అంది.

మీ కోడలు వెంటనే, "నేనేనండీ. నాకే భయం వేసి మానేశాను" అంది.

అమ్మా, ఆ కాగితం మీద ఉన్నది నా రాత. గళ్ళు నా స్కేలుతో గీసినవి. నర్సమ్మ మీ కోడల్ని మందలించింది. గట్టిగా కాదు, చెల్లెల్ని కోప్పడినట్టు: "చదువుకున్నదానివి, ఉద్యోగం చేసేదానివి, ఇదేం పిచ్చి? నువ్వు తినకుండా, అది అడిగినప్పుడు ఇవ్వకుండా ఉంటే పాలు ఎక్కణ్ణుంచి వస్తాయి? కొందరు పిల్లలు సాయంత్రాలు ఏడుస్తారు. మూడు నాలుగు నెలలకి అదే సర్దుకుంటుంది. ఎత్తుకోండి, తేన్పు తెప్పించండి, అడిగినప్పుడల్లా ఓ పక్క పూర్తిగా తాగనివ్వు. నువ్వు అన్నీ తిను. ఏదైనా మానాల్సొస్తే మేం చెప్తాం." తను తల వంచుకుని "అలాగేనండీ" అంటూనే ఉంది. నేను పాప గుడ్డల సంచీ పట్టుకుని పక్కన నిలబడి ఉన్నాను. "అది నేను రాసిందండీ" అనడానికి ఎంతసేపు పడుతుంది? ఆ ముక్క అనలేకపోయాను. నన్ను పెంచిన తల్లికి చెప్పాల్సిన మాట ఇదే, అందుకే ఇన్ని కాగితాలు తిప్పి తిప్పి ఇక్కడికి వచ్చాను. తిండి ఆపింది భయంతో అనుకో, అక్కడ మాట్లాడకపోవడం మాత్రం పిరికితనం.

తిరిగి వచ్చేటప్పుడు బస్సులో కండక్టర్ మీ కోడలికి తెలిసినావిడే. "ఏంటక్కా, బాలింతవి ఇంత చిక్కిపోయావు, ఇంట్లో తిండి పెట్టట్లేదా?" అని హాస్యమాడింది. తను నవ్వి, "పాపకి పాలివ్వాలి, కిటికీ వైపు సీటు ఇవ్వు" అంది. ఆ బస్సులోనే, అందరి మధ్యా, పాపకి ఎంతసేపు కావాలంటే అంతసేపు పాలిచ్చింది. పాప గుటక వేస్తున్న శబ్దం నాకు వినపడుతోంది. మన స్టాపు వచ్చి వెళ్ళిపోయింది, నేను దిగుదామని అనలేదు. చివరి స్టాపులో దిగి వెనక్కి నడిచొచ్చాం. దారిలో "ఎందుకు అలా చెప్పావు?" అని అడిగాను. "మీరు అక్కడ మాట పడితే తట్టుకోలేరు, నాకు అలవాటే, రోజూ బస్సులో ఎంతమంది అంటారు" అంది.

ఇంటికి రాగానే టేపులన్నీ పీకేశాను. కాగితం చింపేశాను. బజారుకెళ్ళి పాలు, గుడ్లు, పళ్ళు, చివరికి కాబేజీ కూడా తెచ్చి పడేశాను. పాపకి అడిగినప్పుడల్లా పాలు. ఎనిమిది రోజుల తర్వాత తూచారు, మూడొందల గ్రాములు పెరిగింది. నర్సమ్మ "చూశావా?" అని మీ కోడలి భుజం తట్టింది. ఈసారి నేను చెప్పాను. అది రాసింది నేనని, ఆ రోజు ఊరుకుంది కూడా నేనేనని. ఆవిడ "తెలుసు. స్కేలు పెట్టి గీసింది మగవాళ్ళే అయ్యుంటారు" అని తన పనిలో పడిపోయింది. తిట్టినా బాగుండేది.

సాయంత్రం ఏడుపు మాత్రం అలాగే ఉంది. ఆరింటికి మొదలు, తొమ్మిదికి ఆఖరు. కాబేజీ తిన్న రోజూ అంతే, తినని రోజూ అంతే. నేను ఎత్తుకుని నడుస్తాను, అది ఏడుస్తుంది, ఇద్దరం ఆ పూటకి అలా గడిపేస్తాం. నా చేతిలో ఏమీ లేదని ఒప్పుకోవడం ఎంత కష్టమో చెప్పలేను. అయినా దాని గురించి కాదు ఈ ఉత్తరం.

నిన్న పొద్దున నేను పనికి బయల్దేరుతుంటే తను ఫ్రిజ్ తెరిచి నిలబడింది. టేపు పీకినా గుడ్ల ట్రే మీద దాని జిగురు మరక మిగిలిపోయింది. ఆ మరక మీద బొటనవేలు పెట్టి, నా వైపు తిరిగి, "ఒక గుడ్డు తినొచ్చా?" అంది.

ఎత్తిపొడుపు అనుకున్నాను. అలా అయితే ఎంత బాగుండేదో. నిజంగానే అడిగింది. బస్సు నిండా జనాన్ని ఒక్క కేకతో ముందుకి జరిపే మనిషి, సొంత ఇంట్లో, సొంత ఫ్రిజ్ ముందు నిలబడి నన్ను గుడ్డు అడిగింది. "తిను, రెండు తిను" అన్నాను. అన్నాక ఇంకా భయం వేసింది. తనకి ఆకలేసి కాదు, నేను తినమన్నానని తింటోంది. నేను తను తిన్నంతసేపూ తల తిప్పుకుని బూట్ల తాళ్ళు కట్టుకుంటూ ఉన్నాను. ఒక జత బూట్లకి ఎన్నిసార్లు తాళ్ళు కడతారు?

నీ మూడో ప్రశ్న మిగిలిపోయింది. కోడలు రెండు ముక్కలు ఎందుకు రాయడం లేదని. ఈ ఉత్తరం మొదలుపెట్టే ముందు కలం ఇచ్చి, చివర్లో నువ్వూ రాయి అన్నాను. "ఏం రాయమంటారు?" అని అడిగింది. నీ ఇష్టం అన్నాను. చాలాసేపు కలం పట్టుకుని కూర్చుని, "మీరే చెప్పండి" అని తిరిగి ఇచ్చేసింది.

అమ్మా, పాప ఏడుపు ఎలా ఆపాలో ఇక నాకు రాయకు. అది ఏడ్చినన్నాళ్ళు ఏడుస్తుంది, నేను మోసినన్నాళ్ళు మోస్తాను. నువ్వు వేలమంది పిల్లలకి వడ్డించినదానివి. అడగకుండా తినడం మరిచిపోయిన మనిషికి మళ్ళీ ఎలా నేర్పుతారో, నీకు తెలిస్తే అది రాయి. తెలియకపోతే పరీక్షలు అవగానే నువ్వే వచ్చెయ్యి. వచ్చి తనకి వడ్డించు. ఆ కాసేపు నన్ను మాత్రం వంటగదిలోకి రానివ్వకు.

ఆరవుతోంది. లోపల మొదలైంది, నేను వెళ్ళాలి.

ఇట్లు,
ఏ పూటా ఆకలి తెలియకుండా నువ్వు పెంచిన
నీ చిన్నకొడుకు